దారి లేని ఎకరం

ఆయన చేసేది పళ్ళ పని. ఆ మాట విన్న కొత్తవాళ్ళు, "ఏ పళ్ళండీ? తోటేమైనా ఉందా?" అని అడుగుతారు. "నోట్లో పళ్ళు," అంటాడాయన. ఇరవై ఆరేళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు. ఊళ్ళోని డాక్టర్లు రోగుల దవడల అచ్చులు తీసి పంపుతారు. వాటిలో ప్లాస్టర్ పోసి, మైనం మీద ఒక్కో పన్నూ నిలబెట్టి, గులాబీ రంగు చిగుళ్ళతో సహా కట్టుడు పళ్ళ సెట్టు తయారుచేసి పంపడం ఆయన వృత్తి. అందుకే అందరూ పళ్ళాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే ఒకటి రెండుసార్లు పలకడు.

పని గది ఒక డాక్టరు ఆసుపత్రి వెనక, మెట్ల కింద ఉంది. పది అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. మొదట్లో దానికొక కిటికీ ఉండేది. ఇప్పటికీ ఉంది కానీ, పక్క స్థలంలో నాలుగంతస్తుల మేడ లేచాక చెయ్యి చాపితే ఇటుకలు తగులుతాయి. కొన్నాళ్ళు చూసి, ఆ రెక్కలు తెరవడం మానేసి, కిటికీ గూటిలో అచ్చులు ఆరబెట్టుకోవడం మొదలుపెట్టాడు. పళ్ళు నునుపు చేసే మోటారు తిరిగితే గదంతా తెల్లటి పొడి. మూతికి గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి కనుబొమలు నెరిసిపోయేవి. ఇంటికెళ్ళి మొహం కడుక్కుంటే మళ్ళీ యాభై మూడేళ్ళ మనిషయ్యేవాడు.

మొహం మీది పొడి కడిగితే పోయింది. లోపలికి వెళ్ళింది పోలేదు. ఒక చలికాలం దగ్గు పట్టుకుని పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పందొమ్మిది రోజులూ ఆయన బావమరిది, అంటే భార్యకు తమ్ముడు, వార్డు బయట బెంచీ మీదే పడుకున్నాడు. మందులకు పరుగెత్తాడు, వేణ్ణీళ్ళు మోశాడు, ఒకరోజు లిఫ్టు పాడైతే బావను వీపున వేసుకుని మూడంతస్తులు దించాడు. తర్వాత జరిగిన కథంతా ఆ మూడంతస్తుల మెట్ల మీదే నిలబడి ఉంది.

ఇంటికి పంపేటప్పుడు ఛాతీ డాక్టరు ఒకటే మాట అన్నాడు. "ఆ గదిలోంచి బయటపడండి. పూర్తిగా కాకపోతే వారానికి మూడు రోజులైనా. గాలి తగలాలి మీకు."

ఆ రోజు నుంచి ఆయనకు ఒక్కటే ధ్యాస. ఊరికి గంట ప్రయాణంలో ఒక ఎకరం పొలం కొనాలి. చిన్న పాక వేసుకోవాలి. కూరగాయలు వేసుకున్నా సరే, వెయ్యకపోయినా సరే, నాలుగు వైపులా గోడ లేకుండా కూర్చోవాలి.

పళ్ళాయన తొందరపడే మనిషి కాదు. వెంట్రుకవాసి తేడా వస్తే చిగురు ఒరుసుకుపోయే పనిలో ఇన్నేళ్ళున్నవాడు. పొలం కంటే ముందు పొలం చూపించే మనిషిని సరిగ్గా ఎంచుకోవాలనుకున్నాడు. మొదట ఒక అద్దాల ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి కుర్ర ఏజెంటు గోడమీది పెద్ద తెరపై, ఆకాశంలోంచి తీసిన పొలాల బొమ్మలు చూపించాడు. అంత పైనుంచి చూస్తే ఏ పొలమైనా తివాచీ పరిచినట్టే ఉంది.

"వానాకాలంలో నీళ్ళెక్కడ నిలుస్తాయి?"

"సార్, మీరు బుక్ చేసుకోండి, అన్నీ మేం చూసుకుంటాం."

"నువ్వెప్పుడైనా అక్కడికి వెళ్ళావా బాబూ?"

"మా టీమ్ వెళ్ళింది సార్."

పళ్ళాయన టీ తాగి, థాంక్స్ చెప్పి లేచాడు.

రెండో మనిషి సంగతి ఆసుపత్రికి వచ్చే ఒక రోగి చెప్పాడు. ఆవిడ పాతికేళ్ళు పశువులకు టీకాలు వేస్తూ చుట్టుపక్కల పల్లెలన్నీ మోపెడ్ మీద తిరిగింది. ఉద్యోగం అయిపోయాక పొలాలు అమ్మిపెట్టే పనిలోకి దిగింది. సూదులావిడ అంటే అందరికీ తెలుసు. ఇంటి ముందు గదే ఆఫీసు. గుమ్మం పక్కన మట్టి ఎండిన రబ్బరు బూట్లు, బల్ల మీద నేల కొలిచే టేపు. ఆవిడ ఒక్క పొలం కూడా చూపించలేదు. ప్రశ్నలే వేసింది. బకెట్టు ఎత్తగలరా? బస్సులో వస్తారా, బండి మీదా? ఇంటావిడకు ఇష్టమేనా? అన్నీ విని చివరికి, "ఇప్పుడు కొనకండి," అంది.

"అదేమిటమ్మా?"

"ఎండాకాలంలో పొలాలన్నీ ఫోటో దిగేముందు మనుషుల్లా ఉంటాయి. అందరూ బుద్ధిమంతులే. వానలు పడనివ్వండి. ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఎక్కడ దారి మాయమవుతుందో అప్పుడు తెలుస్తుంది. నాలుగు నెలలు ఆగగలరా?"

"ఆగుతాను," అన్నాడు పళ్ళాయన. సరుకు ఇప్పుడే కొనద్దన్న వ్యాపారిని ఆయన అంతకుముందు చూడలేదు. మనిషి దొరికిందనుకుంటూ ఇంటికి వచ్చాడు.

రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే భార్య గరిటె పక్కన పెట్టేసింది.

"మా తమ్ముడు చేసేది అదే పని కదండీ."

నిజమే. బావమరిది సెల్‌ఫోన్ల కొట్టు మూసేసి ఎనిమిది నెలలుగా రియల్ ఎస్టేట్ అంటూ తిరుగుతున్నాడు. కార్డులు కూడా వేయించుకున్నాడు.

"వాడికి పొలాల సంగతి ఏం తెలుసు? కాస్త అనుభవం ఉన్నవాళ్ళయితే..."

"మిమ్మల్ని వీపున మోసిన రోజు వాడికి అనుభవం ఉందా?"

పళ్ళాయన తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

"ఇంట్లో ఏజెంటుని పెట్టుకుని మీరు ఊళ్ళోవాళ్ళ గడప తొక్కితే, రేపు వాడు నలుగురిలో తలెత్తుకోవద్దూ? మొదటి బేరం సొంత బావే ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?"

మర్నాడు సాయంత్రమే బావమరిది కారేసుకుని దిగాడు. "బావా, నీకోసమే దాచి ఉంచా ఒక ముక్క. చూశావంటే వదలవు," అన్నాడు. ఆ మాటలో మోసం లేదు. అతనికి నిజంగానే బావంటే ప్రాణం. అదే వచ్చిన చిక్కు.

పొలం బాగుంది. బాగుందనడం కూడా తక్కువే. కొంచెం ఏటవాలు, పడమట చిన్న గుట్ట, ఒక మూల రాళ్ళు కట్టిన నుయ్యి, రెండు నీడ చెట్లు. రోడ్డు దిగి, కోత కోసేసిన పొలం మీదుగా కారు ఎగురుకుంటూ వెళ్ళి సరిగ్గా చెట్టు కింద ఆగింది. గాలి చొక్కాలోకి దూరి వీపంతా తడిమింది. పళ్ళాయన ఊపిరి గట్టిగా లాగి చూసుకున్నాడు. దగ్గు రాలేదు.

"దీనికి దారి ఎటు?" అని అడిగాడు.

బావమరిది పగలబడి నవ్వాడు. "మనం వచ్చాం కదా బావా! ఇది దారి కాకపోతే గాల్లో ఎగిరొచ్చామా?"

పళ్ళాయన కూడా నవ్వాడు. తర్వాత చాలాకాలం ఆయన్ని తినేసింది ఆ నవ్వే. అడగాల్సిన ప్రశ్న అడగనే అడిగాడు. జవాబు మాత్రం వినలేదు.

అమ్మేవాళ్ళు ఎక్కడో దూరాన ఉండి కాగితాలు పంపించారు. నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయిపోయింది. సూదులావిడకు ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు. మొహం చెల్లక మానేశాడు.

వానలు మొదలైన మూడో ఆదివారం మొక్కలు పట్టుకుని బస్సు దిగేసరికి దారి లేదు. కారు నడిచిన చోటంతా దున్ని విత్తనం వేసేశారు. మధ్యలో ఒక ముసలి రైతు నీళ్ళు బయటికి పోయేలా పారతో కాలవ తీస్తున్నాడు.

"నా పొలానికి వెళ్ళాలండీ," అన్నాడు పళ్ళాయన, దూరంగా కనిపిస్తున్న చెట్లను చూపించి.

"వెళ్ళు బాబూ. నా పొలం తొక్కకుండా వెళ్ళు."

చుట్టూ తిరిగి చూశాడు. పడమట గుట్ట. ఉత్తరాన నిలువెత్తు లోతున కోసుకుపోయిన వాగు. దక్షిణాన వేరేవాళ్ళ తోట, దాని చుట్టూ ముళ్ళకంచె. మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చేసరికి ముసలాయన జాలిపడ్డాడు. "సరేలే. గట్టు మీద నడిచి వెళ్ళు. బండీ గిండీ మాత్రం కుదరదు."

గట్టు మీద నడిచి వెళ్ళి నాలుగు మొక్కలు నాటి వచ్చాడు. అలా నెల రోజులు గడిచింది. పాక వేయాలంటే కర్రలు కావాలి, రేకులు కావాలి, అవి గట్టు మీద రావు. ఎంత ఓర్చుకున్నా ఒకరోజు బావమరిదితో చెప్పక తప్పలేదు. "అంతేనా? నేను మాట్లాడతా," అని అతను ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని వెళ్ళి, ముసలాయన మీద కేకలేసి వచ్చాడు. పోలీసులన్నాడు, కోర్టన్నాడు. పై వారం పళ్ళాయన వెళ్ళేసరికి గట్టు మీద అడ్డంగా ముళ్ళకంప ఉంది.

"మీవాడు నాకు చట్టం నేర్పించాడు," అన్నాడు ముసలాయన. "నేర్చుకున్నా. ఇక గట్టు కూడా లేదు."

బావమరిది ఫోన్లో, "ఆయనకో పళ్ళ సెట్టు చేసిపెట్టు బావా, మెత్తబడతాడు," అని సలహా ఇచ్చాడు. పళ్ళాయన ఆ మాట కూడా అడిగి చూశాడు, సిగ్గు చంపుకుని. ముసలాయన నోరు తెరిచి చూపించాడు. ముప్పైరెండుకు ముప్పైరెండూ ఉన్నాయి.

ఇక అప్పటినుంచి ఆదివారం కూడా ఆ గదే. మోటారు, పొడి, ఇటుకల కిటికీ. అప్పుడప్పుడూ బస్సెక్కి వెళ్ళి రోడ్డు మీద నిలబడి తన చెట్లను చూసి వచ్చేవాడు. ఇంట్లో ఆ ఊసెత్తితే భార్య, "వాడేం కావాలని చేశాడా?" అనేది. కావాలని చెయ్యలేదు. అందుకే తిట్టడానికి లేదు. తిట్టకపోతే మనసు ఊరుకోదు. బావమరిది ఇంటికొచ్చినప్పుడల్లా, "ఎలా ఉంది బావా ఒంట్లో?" అని అడిగి, బావ చెప్పులు ఎండలో ఉంటే తీసి నీడలో పెట్టేవాడు. అలాంటి మనిషితో దెబ్బలాడటం ఎలాగో పళ్ళాయనకు తెలీలేదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ముసలాయన కోత కోసేశాడు, ముళ్ళకంప ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. బావమరిది ఉత్సాహంగా వచ్చాడు.

"బావా, బేరం తెచ్చా. నీ పొలం వదిలించేస్తా. నువ్వు పెట్టింది నీకొచ్చేస్తుంది."

"దారి లేని పొలం ఎవరు కొంటారు?"

"ఎండాకాలం కదా బావా," అన్నాడు అతను, ఎదురుగా ఉన్న అక్కను చూసి నవ్వుతూ.

పళ్ళాయనకు ఆ మాట అర్థమయ్యింది. అర్థం కానట్టు ఊరుకున్నాడు. ఊరుకోవడమే కాదు, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు కూడా. ఈ సంగతి తర్వాత ఆయనే చెప్పుకున్నాడు, దాచలేదు.

కొనడానికి వచ్చింది ఒక నర్సు. కొత్తగా రిటైరైంది. మోకాలికి పట్టీ, చేతిలో మడత గొడుగు. ఒంటరి మనిషి, రెండు ఆవులు పెంచుకోవాలని ఉందట. కారు మళ్ళీ ఆ కోసిన పొలం మీదుగానే ఎగురుకుంటూ వెళ్ళి చెట్టు కింద ఆగింది. ఆవిడ దిగి, నూతిలోకి తొంగి చూసి, చెట్టు మొదలు తడిమి, కళ్ళు మూసుకుని కాసేపు గాలి పీల్చింది. పళ్ళాయన మొహం తిప్పుకున్నాడు. ఏడాది కిందట తనూ సరిగ్గా అక్కడే నిలబడి ఊపిరి లాగాడు.

"మరి దీనికి దారి ఎటు బాబూ?" అని అడిగింది ఆవిడ.

"మనం వచ్చాం కదమ్మా! ఇది దారి కాకపోతే గాల్లో ఎగిరొచ్చామా?" అన్నాడు బావమరిది.

ఆవిడ నవ్వింది.

"ఇది దారి కాదమ్మా," అన్నాడు పళ్ళాయన.

ఆ మాట చిన్నగా వచ్చింది. ఆవిడకు వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాడు. "ఈ పొలానికి దారి లేదు. మనం తొక్కి వచ్చింది వేరేవాళ్ళ పొలం. వాన పడ్డాక మీరిక్కడికి రాలేరు. నేను రాలేకపోతున్నాను."

నర్సు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. గొడుగు విప్పుకుని, కారు కూడా ఎక్కకుండా, కుంటుకుంటూ రోడ్డు వైపు నడిచింది.

ఆవిడ రోడ్డెక్కేదాకా బావమరిది అటే చూశాడు. తర్వాత, "పరాయిదాని ముందు నన్ను దొంగని చేశావు బావా," అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనేం నాకోసం చేశానా?"

"కాదు. నాకోసమే చేశావు. అందుకే చెప్పాల్సొచ్చింది."

 బావను ఇంటి ముందు దింపేసి వెళ్ళినవాడు మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. జరిగింది విని భార్య ఒక్కటే అంది. "వాడు మిమ్మల్ని మోసినప్పుడు ఎవరికీ చెప్పుకోలేదు." ఆ తర్వాత వడ్డించడం, బట్టలు ఇస్త్రీకివ్వడం అన్నీ చేసేది కానీ, మాటలు మానేసింది.

పది రోజులకు పళ్ళాయన సూదులావిడ గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ గుర్తుపట్టింది.

"నాలుగు నెలలు ఆగుతానన్నారు."

"అన్నానమ్మా."

"మరి?"

"ఇంట్లో..."

"అందరూ ఇంట్లో అనే అంటారు. కాగితాలు తీయండి."

దస్తావేజు బల్ల మీద పరిచి, నాలుగు హద్దులూ వేలుపెట్టి చదివింది. తూర్పున ఫలానావారి పొలం, పడమట గుట్ట, ఉత్తరాన వాగు, దక్షిణాన తోట. "నాలుగు దిక్కులా ఎవరో ఒకరున్నారు. దారి అన్న మాట ఎక్కడైనా ఉందా? కొనేముందు ఇది ఎవరైనా మీకు చదివి వినిపించారా?"

"లేదు."

"ఏజెంటు చేయాల్సిన మొదటి పని అదే. పొలంలో ఏం బాగుందో మీకే కనిపిస్తుంది. బాగాలేనిది చెప్పడానికే మేముండేది." బూట్లు తొడుక్కుంది. "నా కమిషన్ దారి కాగితం మీదికెక్కాక ఇవ్వండి. అది జరక్కపోతే వద్దు. ఇంకోమాట. మీ ముక్క ఉన్నదున్నట్టు మాత్రం మిగలదు, ముందే చెబుతున్నా."

ముసలాయన ఇంటి ముందు మందు కొట్టే పంపు విప్పి బాగుచేసుకుంటున్నాడు. సూదులావిడను చూడగానే ముక్కాలిపీట జరిపాడు. ఆవిడ ముందు గేదె సంగతి అడిగింది, తర్వాత దూడ సంగతి అడిగింది. పొలం ఊసు అరగంట దాకా ఎత్తలేదు. ఎత్తినప్పుడు కూడా, "ఈయన అడగడానికి వచ్చాడు," అని మాత్రం అంది.

ముసలాయన పళ్ళాయన వైపు తిరిగాడు. "నన్ను అడిగినవాడు లేడు బాబూ. మీవాడు నా పొలం మీద కారు తోలాడు, పలకరించనైనా లేదు. తర్వాతొచ్చి నన్నే దబాయించాడు. మొదటిరోజే వచ్చి కూర్చుని ఉంటే ఎలా ఉండేదో."

"ఇప్పుడు కూర్చున్నానండీ," అన్నాడు పళ్ళాయన.

మూడు వారాలు పట్టింది. ముసలాయనకు కావాల్సింది నుయ్యి. నీళ్ళు లేక ఆయన పొలం వేసవంతా బీడు పడి ఉంటోంది. నుయ్యి ఉన్న మూల ఆయనకివ్వాలి. బదులుగా గట్టు వెంబడి బండి పట్టేంత దారి ఆయన వదలాలి. సూదులావిడ స్వయంగా టేపు పట్టి కొలిచింది, రాళ్ళు పాతించింది. నూతి నీళ్ళు వారానికి ఒకరోజు పళ్ళాయన తోడుకోవచ్చని పట్టుబట్టి కాగితంలో రాయించింది. "మాట మీద వద్దు. ఆయన మంచివాడే. ఆయన తర్వాత వచ్చేవాళ్ళ సంగతి నాకు తెలీదు," అంది.

అలా దారి వచ్చింది, నుయ్యి పోయింది. వారానికి ఒక్కరోజు నీళ్ళతో ఏ పంటా పండదు. పాక వేసుకున్నాడు కానీ, వారానికి మూడు రోజులుండే యోగం పట్టలేదు. ఆయన చేతి పళ్ళకు అలవాటుపడ్డ డాక్టర్లు వదలలేదు, ఆయనా కాదనలేకపోయాడు. ఆరు రోజులు మెట్ల కింద గది, ఒక్కరోజు గాలి. దగ్గు తగ్గలేదు, పెరగలేదు కూడా. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, పొలం కొన్నాడని తెలిసి, "మంచి ఏజెంటు ఎవరైనా ఉంటే చెప్పండి," అని అడుగుతుంటారు. సూదులావిడ నంబరు రాసిచ్చి, "ఆవిడ ఆగమంటే ఆగండి," అంటాడు. ఇంకేమీ చెప్పడు.

మొన్న ఒక ఆదివారం బస్సు కోసం బయల్దేరుతుంటే భార్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎందుకని ఆయన అడగలేదు. ఇద్దరూ బస్సెక్కారు. కొత్త దారి వెంట ఆవిడ ముందు, ఆయన వెనక నడిచారు. పాకలో చాప పరిస్తే కూర్చుంది. కాసేపు గుట్ట వైపు చూసింది. "గాలి బాగుంది," అంది. ఏడాదిలో ఆవిడ తనంతట తాను అన్న మొదటి మాట అది.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. తెర మీద తమ్ముడి పేరు చూసి లేచి, చెట్టు అవతలికి వెళ్ళింది. గాలి ఇటే వీస్తోంది కాబట్టి మాటలన్నీ వినపడ్డాయి.

"ఇంట్లోనే ఉన్నాను రా... ఆ, బట్టలు ఉతుకుతున్నా... ఆయనా? ఏమో, పనికెళ్ళారు."

పళ్ళాయన బకెట్టు తీసుకుని నూతి వైపు నడిచాడు. ఆవిడ మాట్లాడడం అయ్యేదాకా చేద వెయ్యకుండా, గిలక చప్పుడవుతుందని తాడు చేత్తో పట్టుకుని, అలాగే నిలబడ్డాడు.